అరువు తెచ్చుకున్న ఆమేన్

అరబ్బు దేశంలో ఖమీస్ ముషైత్ అనే ఊరి పాత బజారులో వెండి సామాను అమ్మే ముసలాయన ఒకాయన ఉన్నాడు. నజ్రాన్ నుంచి వారానికోసారి వచ్చి, గోడ నీడలో గోనెపట్టా పరుచుకుని, కడియాలూ గొలుసులూ కత్తి ఒరలూ ముందు పోసుకుని కూర్చుంటాడు. నేను ఆ దారిన పోతూ ఊరికే చూస్తుంటాను. కొట్ల మధ్య పెరిగినవాడికి ఊరికే చూడటమంటూ ఉండదు, అది వేరే సంగతి. మొన్న ఒక తాయెత్తు గొట్టం నచ్చింది. వేలెడంత వెండి గొట్టం, కింద చిన్న చిన్న మువ్వలు. ముసలాయన చెప్పిన ధరకు నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. ఎందుకంత అన్నాను. ఆయన గొట్టాన్ని వెలుగులోకి తిప్పి, "ఇది యహూదుల పని. పాతది. ఇప్పుడు ఇట్లా చేసేవాళ్ళు లేరు, వెళ్ళిపోయారు" అన్నాడు అరబ్బీలో. మా నాన్న చెప్పుల జత తిరగేసి అట్ట చూపిస్తూ "ఇది అసలు తోలండీ" అనేవాడే, సరిగ్గా ఆ గొంతు. నేను అలవాటు కొద్దీ మువ్వల దగ్గర వేలు పెట్టి, "ఎవరు చేస్తేనేం, ఇక్కడ అతుకు ఊడింది చూడు" అని సగానికి అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. వెనక్కి పిలుస్తాడని కాస్త దూరం నడిచాను. పిలవలేదు. మలుపు తిరిగాక గాని నా బుర్రకు ఎక్కలేదు, ఇన్నేళ్ళలో ఈ దేశంలో యహూది, అంటే యూదుడు, అన్న ఆ మాటను మెచ్చుకోలుగా వినడం అదే మొదటిసారని. దానికి నేను చేసిందల్లా అతుకులో లోపం పట్టడం. మా పెద్దనాన్న చెప్పినది నిజమైతే ఆ గొట్టం చేసినవాడు నాకు ఏదో వరసలో బంధువు. బంధువు చేతిపనికి సగం ధర కట్టి వచ్చాను. మా బావ పక్కన ఉంటే అట్లా జరగనిచ్చేవాడు కాదు. అడిగినంత ఇచ్చి, పైగా ముసలాయనకు టీ తెప్పించేవాడు. బేరం తెలియని మనిషి.

మాది ఒంగోలు వైపు ఒక బజారు ఊరు. బజారు చివర మా నాన్నకు చెప్పుల కొట్టు, ఒక పక్క కిరాణా, ఇంకో పక్క బట్టల కొట్టు. నేను బడిలో కంటే ఆ మూడు కొట్ల అరుగుల మీదే ఎక్కువ చదువుకున్నాను. నచ్చిన వస్తువు వైపు చూడకూడదనీ, ధర ముందు చెప్పినవాడు ఓడినట్టేననీ కిరాణా శెట్టిగారి దగ్గర నేర్చుకున్నాను. మా వాళ్ళది తోలు పని. తాతల నాడే చర్చిలో కలిశాం. స్కూలు సర్టిఫికెట్లో మాత్రం స్కాలర్‌షిప్పు కోసం హిందువులం. ఇట్లా రెండు లేబుళ్ళతో ఏ ఇబ్బందీ లేకుండా చలామణీ అవుతున్న సరుకు మీద మూడో లేబులు అంటించినవాడు మా పెద్దనాన్న. ఆయన బస్సు డిపోలో కంట్రోలరు. నా చిన్నతనంలో ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, మేం చర్చి వాళ్ళం కాదనీ, ఎప్పుడో దేశాల మీదుగా చెదిరిపోయిన యూదుల్లో ఒక తెగవాళ్ళమనీ, దారి మరిచిపోయామనీ చెప్పాడు. బస్సులకు దారి చెప్పే మనిషి కాబట్టి కొంతమంది నమ్మారు. ఋజువుగా మా నాయనమ్మ అలవాట్లు చూపించేవాడు. ఆమె మాంసాన్ని ఉప్పులో ఉంచి నెత్తురు చుక్క లేకుండా కడిగేది. శుక్రవారం పొద్దుగూకే వేళ ఒక దీపం పెట్టి, ఆ వెలుతురులో ఏ పనీ చేసేది కాదు. అవి మా వాడలో ఎవరింట్లోనైనా ఉండే అలవాట్లేమో అని నాకు అప్పుడూ అనుమానమే, ఇప్పుడూ అనుమానమే. అయినా పెద్దనాన్న ఒక రేకుల గది వేయించాడు. శనివారాలు అందులో చేరి, ఆయన ఎక్కడెక్కడో కూడబెట్టుకొచ్చిన హీబ్రూ ప్రార్థనలు తప్పో ఒప్పో చదివేవాళ్ళం. శెట్టిగారు ఊరుకుంటాడా? "ఏమయ్యా, కొత్త బోర్డు కట్టారంటగా. సరుకు పాతదేనా, మార్చారా?" అన్నాడు మా నాన్నతో. "సరుకు పాతదే శెట్టిగారూ. బోర్డు ఇంకా పాతదంట" అన్నాడు మా నాన్న. ఆయన నమ్మకం అంతవరకే.

మా అక్కను చేసుకుని బావ ఆ రేకుల గదికి అల్లుడయ్యాడు. ఆయనది పక్క ఊరి చర్చి కుటుంబం. తండ్రి చర్చిలో డోలక్కు వాయించేవాడు, కొడుకు మతం మారాడని తెలిశాక ఏడాదిపాటు కొడుకు ఇంట మంచినీళ్ళు ముట్టలేదు. బావ ఆరడుగుల మనిషి, నెమ్మది, గొంతు మాత్రం రేకు మీద రాయి గీసినట్టు ఉండేది. మాకందరికీ ఆ గది ఒక ఆదివారం లాంటి శనివారం. బావకు అట్లా కాదు. ఒకసారి ఒప్పుకున్నాక ఇక మొత్తం ఒప్పుకున్నట్టే అనుకునే రకం. హీబ్రూలో గొంతు లోపలినుంచి గీరినట్టు వచ్చే ఒక అక్షరం ఉంది, మా ఊళ్ళో అది పెద్దనాన్నకే సరిగా రాదు, బావకు అసలు పలికేది కాదు. ఖమీస్ వచ్చాక కొనుగోలుదార్లతో మాట్లాడీ మాట్లాడీ అది ఆయనకు పట్టుబడింది. ఫోనులో విని పెద్దనాన్న, "ఏందిరా అల్లుడూ, నీ గొంతు అరబ్బోళ్ళ గొంతయింది?" అంటే, "ఇక్కడ నీళ్ళే అంత మామయ్యా" అన్నాడు సిగ్గుపడుతూ.

నేను ఇక్కడ దుప్పట్లూ పరుపులూ అమ్మే దుకాణంలో కుదురుకున్నాక బావనూ రప్పించాను. వీసా కాగితంలో మతం దగ్గర ఇద్దరం క్రైస్తవులం. వేరే మాట రాసే ధైర్యం ఏజెంటుకు లేదు, మాకంతకంటే లేదు. దిగిన వారానికే బావ గది గోడ మీద క్యాలెండరు చూసి నన్ను పక్కకు లాగాడు. "ఒరేయ్, వీళ్ళు శనివారాన్ని సబ్త్ అంటార్రా. మన సబ్బాతు మాటే అది!"

"మెల్లగా బావా. అవతల మనుషులు పడుకోనుండారు."

"క్యాలెండర్లోనే అచ్చేసి పెట్టారు గదరా. ఇంక మనం పాటించడానికేంది?"

ఏందో నేను చెప్పనక్కర్లేదు. దుకాణంలో అందరికీ సెలవు శుక్రవారం పగలు. బావకు కావలసిన విశ్రాంతి దినం శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకేదాకా. ఆ మాట అట్లాగే వెళ్ళి అడిగితే, మా కఫీలు, అంటే మా వీసాలు ఎవరి పేరు మీద ఉన్నాయో ఆ యజమాని, అది యూదుల రోజని ఒక్క నిమిషంలో పోల్చుకుంటాడు. వాళ్ళకూ రోజు సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది. కాబట్టి ఆ రోజును రెండు ముక్కలుగా కోసి, రెండు వేరు వేరు బేరాల్లో కొన్నాను. శుక్రవారం సాయంత్రం ఊళ్ళో పిల్లలతో మాట్లాడుకోవడానికి అని ఒకటి. శనివారం ఉపవాసం అని ఇంకొకటి, అది కూడా నెల ఆగి అడిగాను. బదులుగా వారం పొడుగునా లారీల్లోంచి పరుపులు దించే పని బావ నెత్తిన వేశాను. యజమాని మంచివాడు, దేవుడి పేరు చెబితే కాదనలేడు. "శనివారం ఉపవాసమా? ఏం దేవుడయ్యా మీది" అని నవ్వి ఊరుకున్నాడు. నా జీవితంలో అంత శుభ్రమైన బేరం ఇంకొకటి చెయ్యలేదు. నాకోసం మాత్రం ఆ సెలవు అడగలేదు. శనివారం అమ్మకాలు బాగుండేవి.

గదిలో ఇంకో చిక్కు. మాతోపాటు జగిత్యాల నుంచి వచ్చిన మేస్త్రి ఒకాయన ఉండేవాడు, ఇప్పటికీ ఉన్నాడు. శనివారం బావ పొయ్యి ముట్టించకుండా, లైటు స్విచ్చి జోలికి పోకుండా, ముందురోజు వండిన రొట్టె తిని కూర్చోవడం ఆయన కొన్ని వారాలు గమనించాడు. ఒకనాడు బావ కాళ్ళ దగ్గర కూర్చుని అడిగాడు. "శనివారం ఒక్కపొద్దా అన్నా? ఏడుకొండలోడా?" బావకు అబద్ధం రాదు. నా వైపు చూశాడు. "ఆ, ఏడుకొండలే" అన్నాను నేను. అంతే, ఆనాటి నుంచి బావ మా గదికి సామి. మేస్త్రి శుక్రవారం కోడికూర వండుకున్న గిన్నె నిమ్మచెక్కతో రుద్ది రుద్ది కడిగేవాడు, సామికి వాసన తగలకూడదని. తన ఇనుప బీరువా తలుపు లోపల అంటించుకున్న వేంకటేశ్వరస్వామి బొమ్మ బావకు ఎదురుగా ఉండేట్టు తలుపు తెరిచిపెట్టేవాడు. బొమ్మ ముందు తల వంచకూడదని పట్టుబట్టిన మనిషి, ఆ బొమ్మ ఎదురుగా శనివారం పొద్దంతా తల ఎత్తుకుని కూర్చునేవాడు. మేస్త్రి దాన్ని గొప్ప భక్తి అనుకున్నాడు. ఒకసారి బావ గొణుగుతున్న హీబ్రూ విని, "మంత్రం మస్తుగున్నదే సామీ. గిది ఏ వేదం?" అన్నాడు. "పాతదిలే" అన్నాడు బావ. "గందుకే ఒక్క ముక్క సమజ్ గాలే" అని మేస్త్రి తృప్తిగా తల ఊపాడు. బావ వెళ్ళిపోయాక ఆ మర్యాదలన్నీ నాకు బదిలీ అయ్యాయి. శనివారం నాకోసం ఆయన విడిగా పప్పు వండుతాడు. నేను తింటాను. ఇన్ని పాటించబోయిన మనుషులకు చివరికి నిలిచింది మేం మొక్కని దేవుడి ఒక్కపొద్దు.

అట్లా కొన్నేళ్ళు నడిచింది. కరోనా మొదటి ఏడు గడిచిన చలికాలంలో బావ తండ్రి పోయాడు. ఊరికి పోవాలంటే పోవచ్చు, తిరిగి రావడానికి మాత్రం ఇండియా నుంచి విమానాలు లేవు. వెళితే ఉద్యోగం మీద ఆశ వదులుకోవాలి, అక్క ఇల్లు అప్పుడే సగం కట్టి ఉంది. సమాధి దగ్గర పాస్టరు ప్రార్థన చేస్తుంటే బావ పరుపుల దొంతర మీద కూర్చుని ఫోనులో చూశాడు. మట్టి వేసేటప్పుడు సిగ్నలు ఆగిపోయి, పార పైకెత్తిన చెయ్యి ఒకటి అట్లాగే నిలిచిపోయింది. బావ ఆ బొమ్మనే చాలాసేపు చూశాడు. తర్వాత నాతో, "కొడుకు చెప్పాల్సిన ప్రార్థన ఒకటుందిరా" అన్నాడు.

ఉంది. తండ్రి పోయిన కొడుకు ఏడాదిపాటు రోజూ నిలబడి చెప్పాలి. అయితే ఒంటరిగా చెప్పేది కాదు. మా వాళ్ళు పదిమంది మగవాళ్ళు చుట్టూ నిలబడి, ఆగిన చోటల్లా ఆమేన్ అనాలి. పదిమంది లేకపోతే అది నోరు తిరిగిన మాటలే తప్ప ప్రార్థన కాదు. ఖమీస్‌లో మా వాళ్ళం ఇద్దరం.

"మీ నాన్నకు తెలిస్తే లేచొచ్చి డోలక్కుతో కొడతాడు బావా" అన్నాను.

"కొట్టనీరా. ఆయన నమ్మాడా లేదా అని కాదు. చెప్పాల్సింది కొడుకు." కాసేపు దుప్పటి అంచు లాగి సరిచేశాడు. "ఇన్నేళ్ళూ మనం చేసినయ్యన్నీ నేర్చుకుని చేసినయ్యే. ఈ ఒక్కటే మీద పడింది. ఇది చెప్పకపోతే ఇంక నేనెవర్ని?"

నాకు తెలిసిన సరుకు బేరమొక్కటే. ఆ సాయంత్రమే పెద్దనాన్నకు ఫోను చేశాను.

"పది అంటే కుదరదు పెద్దనాన్నా. ఇక్కడ ఇద్దరమే. ఎంతకిస్తావు?"

"పది."

"అక్కడ మీరు ఎనిమిదిమంది నిలబడండి. మేం ఫోనులో కలుస్తాం. ఎనిమిదీ రెండూ పది."

"ఫోనులో ఉండేవాడు బొమ్మరా. బొమ్మని లెక్కెయ్యరు."

"పోనీ ఒక మూడు?"

"ఇది మీ నాన్న చెప్పుల కొట్టు కాదురా ఎదవా." ఆయన నవ్వుతున్నాడో దగ్గుతున్నాడో తెలియలేదు. తర్వాత మా చిన్నప్పుడు చెప్పిన కథే మళ్ళీ చెప్పాడు. దేవుడు ఒక ఊరిని కాల్చేస్తానంటే, మా మూలపురుషుడు ఎదురు నిలబడి బేరమాడాడు. మంచివాళ్ళు యాభైమంది ఉంటే వదిలేస్తావా, నలభై, ముప్ఫై, అని దించుకుంటూ వచ్చి పది దగ్గర ఆగాడు. ఆ కథ విన్న ప్రతిసారీ నాకు చిరాకే. అంతదాకా దించినవాడు పది దగ్గర ఎందుకు ఆగాలి? మా శెట్టిగారైతే ఒక్కడి దాకా లాగేవాడు. అదే అన్నాను. పెద్దనాన్న ఇక నవ్వలేదు. "పదికి తగ్గితే అది ఊరు కాదురా. ఇంక ఎవరి కోసం అడగాల?" అన్నాడు.

బావ అయినా మానలేదు. ఇక్కడ నమాజు వేళల్లో దుకాణాలు మూసేవాళ్ళు. పొద్దుగూకే వేళ మాగ్రిబ్ నమాజుకు పిలిచే బాంగు పడగానే ముస్లిము పనివాళ్ళు ఎదుటి మసీదుకు పోయేవాళ్ళు, మేం షట్టరు సగం దించుకుని లోపల కూర్చునేవాళ్ళం. ఆ కాసేపట్లో బావ వెనక వరసలో, డబుల్ దుప్పట్ల చాటున నిలబడి తన ప్రార్థన మొదలుపెట్టేవాడు. నేను షట్టరు సందు దగ్గర కాపలా. మొదట కొన్ని వారాలు అది వినలేకపోయాను. ఆమేన్ రావలసిన చోట ఆగేవాడు, ఎవరూ అనేవాళ్ళు కాదు, మళ్ళీ మొదలుపెట్టేవాడు. నేను ఒక్కణ్ణి అంటే పనికిరాదని తనే చెప్పాడు. అట్లాంటి ఒక సాయంత్రం ఆయన ఆగిన చోటనే, ఎదుటి మసీదు మైకులో ఇమాము ఆగడమూ, వెనక నిలబడిన జనం అంతా ఒక్క గొంతుతో "ఆమీన్" అనడమూ జరిగాయి. రోజూ వినేదే. ఆ రోజు మాత్రం దుప్పట్ల వెనకనుంచి బావ తల బయటికి వచ్చింది.

"విన్నావా?"

"రోజూ వింటన్నా."

"ఇప్పుడే అన్నారు. నేను ఆగిన కాడే."

నేను లెక్క వేశాను. "బావా, నువ్వడిగింది పదిమందిని. వచ్చింది మూడు నాలుగొందలు. హోల్‌సేల్లో పడిందిపో." ఆయన నవ్వలేదు. మర్నాటినుంచి ఇమాము చదివే వేగాన్ని పట్టుకోవడం మొదలుపెట్టాడు. ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో వారంలో కంఠతా వచ్చేసింది. తన ప్రార్థనను ఆ వేగానికి సాగదీసి, కుదించి, ఆమేన్ కావలసిన చోటుకు వాళ్ళ ఆమీన్ వచ్చి పడేట్టు అమర్చుకునేవాడు. దర్జీ పాత గుడ్డ మీద కొత్త కొలత వేసినట్టు. దిక్కు కూడా ఇంచుమించు కలిసింది, వాళ్ళు నిలబడే వైపుకు బావ ఒక భుజం తిప్పితే చాలు. ఇబ్బంది ఎక్కడంటే, బావకు ఆమేన్ కావలసిన చోట్లు ఎక్కువ, మాగ్రిబ్ నమాజులో గట్టిగా వినపడేవి రెండు. మిగతా చోట్ల మళ్ళీ నిశ్శబ్దమే. సగం ప్రార్థన సాగేది, సగం ఎండిపోయేది.

ఈ ఏర్పాటు గురించి పెద్దనాన్నకు చెప్పాలా వద్దా అని బావ చాలా రోజులు మథనపడి చివరికి చెప్పాడు. ఫోను స్పీకరులో పెట్టుకున్నాం. అటునుంచి డిపో బస్సుల హారన్లు వినిపించాయి. "వాళ్ళు నీ మాట విని అన్నారా అల్లుడూ?" అన్నాడు ఆఖరికి.

"లేదు మామయ్యా."

"వాళ్ళ ప్రార్థనకు వాళ్ళనుకున్నారు. నీకెట్టా చెల్లుద్ది?"

"చెల్లదా మామయ్యా?"

"చెల్లదు." ఒక బస్సు హారన్ పోనిచ్చాడు. "అయినా ఆపమాక."

తర్వాత రంజాన్ వచ్చింది. దుకాణదారులకు ఆ నెల పంట. బావకూ అదే పంట. రాత్రి ఇషా నమాజు తర్వాత జరిగే పొడుగు నమాజు చివర ఇమాము చేతులెత్తి దువా, అంటే వేడుకోలు, చేస్తాడు, ఒక్కొక్క వాక్యం దగ్గరా జనం ఆమీన్ అంటారు. ఒకటీ రెండూ కాదు, వాన పడ్డట్టు పడతాయి. ఆ నెలలో ఒక రాత్రి బావ ప్రార్థన మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఎక్కడా ఎండకుండా సాగింది. ఆగిన ప్రతి చోటా బదులు వచ్చింది. షట్టరు సందులోంచి వీధి దీపం వెలుగు పడుతోంది, నాఫ్తలిన్ గోళీల వాసన, కొత్త దుప్పట్ల నూలు వాసన, వాటి మధ్య ఆ రేకు గొంతు మొట్టమొదటిసారి కరుకుదనం పోయి వినిపించింది. నేను సందు దగ్గర కాపలా సంగతి మరిచి ఇటు తిరిగి నిలబడ్డాను. నాకు నమ్మకం ఎప్పుడూ అరకొరే. ఆ కాసేపు మాత్రం మా పెద్దనాన్న నిజమే చెప్పాడేమో అనిపించింది. అయిపోయాక బావ దొంతర మీద కూలబడి నీళ్ళడిగాడు.

"ఎన్ని పడ్డాయి బావా?"

"అన్నీ." తాగుతుంటే ఆయన గడ్డం మీదుగా నీళ్ళు కారిపోయాయి. "చెల్లకపోతే చెల్లకపోయిందిరా. మా నాన్నకు వినపడుంటది."

ఈ సంగతి పెద్దనాన్నకు చెప్పడానికి ఆ వారమే ఫోను చేశాం. ఆయన కూతురు ఎత్తింది. ఊపిరి అందడం లేదనీ, ఒంగోలు తీసుకుపోతున్నామనీ చెప్పి పెట్టేసింది. రెండో కరోనా మా ఊళ్ళో ముసలివాళ్ళను ఏరుకుపోతున్న రోజులవి. పెద్దనాన్న ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు. ఆయన వెనకే రేకుల గదిలో ముందు వరసలో కూర్చునే ఇంకో ఇద్దరు పోయారు. ప్రార్థనలు పూర్తిగా వచ్చినవాడు పెద్దనాన్న ఒక్కడే. మిగిలిన కుటుంబాలు భయపడి కొన్నాళ్ళు గదికి రాలేదు, భయం పోయాక కూడా రాలేదు. కొందరు మళ్ళీ చర్చికి పోయారు. అక్కడ కనీసం పాతిపెట్టడానికి మనుషులు వస్తారని మా అక్క ఫోనులో అంది. పెద్దనాన్నకు ఆయన ప్రార్థన ఎవరూ చెప్పలేదు. కొడుకులు లేరు, పదిమందీ లేరు.

రంజాన్ ముగిసి ఎన్నో రోజులు కాలేదు, మసీదుల బయటి మైకులు బాంగుకు మాత్రమేనని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. నమాజు శబ్దం లోపలికే. రోగులకూ నిద్రపోయే పిల్లలకూ ఇబ్బందని, మంచి ఉద్దేశంతోనే. మొదటి సాయంత్రం మాకు సంగతి తెలియదు. బావ లేచి, భుజం తిప్పి నిలబడి, ఇమాము గొంతు కోసం కాచుకున్నాడు. ఏసీ హోరు తప్ప ఏమీ లేదు. కరెంటు పోయిందేమో అన్నాడు. నేను బయటికి పోయి కనుక్కుని వచ్చి చెప్పాను.

"మసీదు కిటికీ పక్కన నిలబడదాం బావా. అక్కడికి వినపడద్ది. ఎవరన్నా అడిగితే చల్లగా ఉందని చెబుదాం."

"వద్దురా. దొంగతనం అయితది."

"మరి ఇప్పటిదాకా చేసిందేంది?"

"ఇప్పటిదాకా అది గాలిలో వచ్చి నా మీద పడింది. నేను పోలా."

అట్లా ఇంకొన్ని వారాలు. నమాజు వేళల్లో దుకాణాలు తెరిచి ఉంచుకోవచ్చని ఉత్తర్వు కూడా వచ్చింది. యజమాని సంతోషించాడు, సేల్స్‌మన్‌గా నేనూ సంతోషించాను. ఆ మొదటి రోజుల్లో ఒకనాటి మాగ్రిబ్‌కు, పాత అలవాటు కొద్దీ, నేను షట్టరు సగం దించాను. బావ వెనక వరసలోకి పోయి మొదలుపెట్టాడు. అప్పటికి తండ్రి పోయి ఏడాది నిండలేదు, ఇంకా నెలలున్నాయి. మొదటి చోట ఆయన ఆగాడు. నేను ఇక ఉండలేక, పనికిరాదని తెలిసి కూడా, "ఆమేన్" అన్నాను. ఖాళీ దుకాణంలో ఎవరూ అడగని ధర చెప్పినట్టు వినిపించింది. బావ ముందుకు సాగాడు. రెండో చోటు రాకముందే షట్టరు మీద టకటకా కొట్టారు. "తెరిచే ఉందిగా?" అంటూ ఎవరో వంగి లోపలికి చూశారు. మిలిటరీ స్థావరంలో పనిచేసే మనిషి, వెంట ఆయన భార్య. ఆమెకు డబుల్ దుప్పటి కావాలి, అది పైన అటక మీద ఉన్నది, ఆ ముదురాకుపచ్చదే. అటక నాకు అందదు. బావకే అందుతుంది.

బావ మాట మధ్యలో ఆపి వచ్చాడు. దుప్పటి దించాడు. ఆమె పరిచి చూసింది, మడతపెట్టించింది, ఇంకొకటి దించమంది. నేను మంచి ఊపులో ఉన్నాను, బేరం బాగా సాగింది. వాళ్ళు వెళ్ళేసరికి ఎదుటి మసీదులోంచి జనం చెప్పులు వేసుకుని బయటికి వస్తున్నారు.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పు బావా. షట్టరు పూర్తిగా దించుతా."

బావ, ఆమె వద్దన్న దుప్పటిని ఒళ్ళో వేసుకుని, అంచుకు అంచు కలిపి మడుస్తున్నాడు. "ఎవరికి వినపడాల్రా?" అన్నాడు.

ఆ తర్వాత బావ నిలబడలేదు. ఏడాది గడువు ఉండగానే ఆపేశాడు. శుక్రవారం సాయంత్రం సెలవు తనే వదులుకున్నాడు, యజమాని ఆశ్చర్యపోయి పిల్లలు బాగున్నారా అని అడిగాడట. విమానాలు తెరిచాక ఇక తిరిగి రాని ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఊరికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు మా నాన్న చెప్పుల కొట్టు ఆయనే నడుపుతున్నాడు. మా ఊరి సంత శనివారం, కాబట్టి శనివారం పొద్దున్నే కొట్టు తెరుస్తాడు. ఆదివారం అక్కతోపాటు చర్చికి పోయి చివరి బల్ల మీద కూర్చుంటాడట. రేకుల గదిలో ఎరువుల బస్తాలు వేశారు. ఫోనులో మేం తోలు రేట్లు మాట్లాడుకుంటాం, పిల్లల చదువులు మాట్లాడుకుంటాం. ఒకసారి ఉండబట్టలేక, ఆ ప్రార్థన ఇంకా నోటికి వస్తుందా బావా అని అడిగాను. "మొదలు వస్తదిరా. ఆ ఆగే కాడికి పోయినాక ముందుకు రాదు" అన్నాడు. నేను రోజూ దుకాణం తెరుస్తాను, మాగ్రిబ్ వేళ షట్టరు దించే పని లేదు, అమ్మకాలు బాగానే ఉన్నాయి. తండ్రి కోసం ఏడాది అని పెద్దలు ఎందుకు పెట్టారో నేను ఎన్నడూ అడగలేదు, దుఃఖం అరగడానికి అంత పడుతుందేమో అనుకున్నాను. బావ దుఃఖం ఇప్పటికీ అరగలేదు. దానికి ఆమేన్ అని బదులు పలకగల మా మనుషుల కాలం మాత్రం ఆ ఏడాది దాటకముందే అయిపోయింది.